బంగారు బిళ్ళ మీద రుద్రమ సింహం ఉండాలి

కేంద్ర ప్రభుత్వం 2015 నవంబరు 5న దేశం పేరుతో ఒక బంగారు నాణేన్ని విడుదల చేసింది. ఐదు గ్రాములది ఒకటి, పది గ్రాములది ఒకటి. 24 క్యారెట్ల బంగారం, హాల్‌మార్క్ ముద్ర, విప్పితే ఇట్టే తెలిసిపోయే ప్యాకింగ్. ఒక వైపు అశోక చక్రం, ఇంకో వైపు మహాత్మా గాంధీ ముఖం. నాణ్యతలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. అయినా ధన్‌తేరస్ నాడు వరంగల్ చౌరస్తాలోని ఏ బంగారం షాపుకు పోయి బిళ్ళ అడిగినా ముందుగా కౌంటరు మీదికి వచ్చేది లక్ష్మీదేవి బొమ్మే. ప్రభుత్వ నాణెం అన్ని షాపుల్లో దొరకకపోవడం ఒక కారణం కావచ్చు. దానికన్నా పెద్ద కారణం బొమ్మలోనే ఉందని నేను అనుకుంటాను.

నాణెం మీది బొమ్మ అందం కన్నా ముందు పూచీ. 12వ శతాబ్దం చివర ఉత్తర భారతాన్ని గెలిచిన మహమ్మద్ ఘోరీ, తనకు ముందున్న గాహడవాల రాజుల నాణేల తీరులోనే, కూర్చున్న లక్ష్మి బొమ్మతో బంగారు నాణేలు వేయించాడు. రెండో వైపు నాగరి లిపిలో తన పేరు చెక్కించాడు. రాజు మారాడు, మతం మారింది, బొమ్మ మాత్రం మారలేదు. జనం చేతికి అలవాటైన రూపాన్ని తీసేస్తే బంగారాన్నే శంకిస్తారని ఆ టంకశాల నడిపినవాళ్లకు తెలిసే ఉంటుంది.

బొమ్మ వెనక ఉన్న రాజ్యం మీద నమ్మకం పోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికా క్రూగరాండ్ చూపించింది. 1967లో మొదలైన ఈ నాణెం మీద ఒక వైపు పాల్ క్రూగర్ ముఖం, రెండో వైపు స్ప్రింగ్‌బాక్ జింక. రాగి కలిపిన 22 క్యారెట్ల బంగారం కాబట్టి కాస్త ఎర్రగా, గట్టిగా ఉంటుంది. ఒక ఔన్సు మేలిమి బంగారం అందులో పక్కాగా ఉంది. అయినా వర్ణవివక్ష పాలనకు అది గుర్తుగా మారింది. 1985లో అమెరికా దాని దిగుమతిని నిషేధించి, మరుసటి ఏడాది సొంతంగా ఈగల్ నాణెం తెచ్చింది. అప్పటికే కెనడా మేపుల్ ఆకు, చైనా పాండా నాణేలు మార్కెట్లో ఉన్నాయి. జింకలో తప్పేమీ లేదు. అది ఎవరి తరఫున నిలబడిందన్నదే జనం చూశారు.

ఇక గాంధీ. కరెన్సీ నోట్ల మీద ఆయన ముఖం దేశమంతటికీ పరిచయం కాబట్టి ఎంచుకున్నట్టున్నారు. కానీ 1933-34 హరిజన యాత్రలో సభకు వచ్చిన ఆడవాళ్లను ఒంటి మీది నగలు తీసి ఇమ్మని అడిగిన మనిషి ఆయన. బంగారం దాచుకోవద్దన్న వ్యక్తిని దాచుకునే బంగారం మీద వేయడం నాకు సమ్మతం కాదు. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

మరి ఏ బొమ్మ? ఓరుగల్లులో అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది కాకతీయ కళాతోరణం అంటారు. 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉంది. 2024లో చిహ్నం నుంచి తీసేస్తారన్న మాట వచ్చినప్పుడు ఇక్కడ ఎంత కోపం వచ్చిందో చూశాం. అయినా బంగారు నాణేనికి తోరణం పనికిరాదు. పది గ్రాముల మేలిమి బంగారంతో వచ్చే బిళ్ళ అడ్డంగా రెండు సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అంతలో తోరణం స్తంభాలు గీతలవుతాయి, పైనున్న హంసలు చుక్కలవుతాయి. మెత్తని 24 క్యారెట్ల మీద ఆ గీతలు ఎక్కువకాలం నిలవవు కూడా. మనవాళ్లకు గుండ్రటి బంగారం అంటే ముందు పుస్తెలు గుర్తొస్తాయి: మధ్యలో ఒక్క ఉబ్బు, బారెడు దూరం నుంచే తెలిసిపోతుంది. నాణెం కూడా అలాగే ఉండాలి.

కట్టడం నాణేనికి అసలే నప్పదని కాదు. నిజాం బంగారు నాణేలైన అష్రఫీల మీద చార్మినార్ చక్కగా కుదిరింది. చెక్కినవాళ్లు దాన్ని నాలుగు మినార్లకు, ఒక ద్వారానికి కుదించి, ఆ ద్వారంలో రాజు పేరులోని ఒక్క అక్షరం పెట్టారు. మహబూబ్ అలీఖాన్‌కు మీమ్, ఉస్మాన్ అలీఖాన్‌కు ఐన్. చూపు నేరుగా ఆ అక్షరం మీదికే పోతుంది. తోరణం అందమంతా దాని నడుమ ఉన్న ఖాళీలో ఉంది. ఆ ఖాళీలో ఏదైనా పెడితే తోరణం చెడుతుంది, పెట్టకపోతే నాణెం బోసిపోతుంది.

ఓరుగల్లు కోటలోనే ఇంతకన్నా తగిన బొమ్మ ఉంది. స్వయంభూ ఆలయ మండపంలో, సింహాన్నెక్కిన వీరనారిగా రుద్రమదేవి శిల్పం. చేతుల్లో బాకు, డాలు. పక్కనే తామరను పట్టిన ఏనుగు తొండం. ఏనుగుల్లాంటి రాజులకు సింహం అనే అర్థంలో ఆమె ధరించిన ‘రాయగజకేసరి’ బిరుదును శిల్పి రాతిలో అలా పలికించాడని అంటారు. నాణేనికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. సింహం వీపు వంపు బిళ్ళ అంచు వెంట తిరుగుతుంది. మనిషి, మృగం కలిసి ఒకే ముద్దగా ఉబికి వస్తాయి. తామర ఒక పక్క ఖాళీని నింపుతుంది. కింద 13వ శతాబ్దపు తెలుగు లిపిలో ‘శ్రీ రుద్రమ’ అంటే చాలు. దక్కన్ రాజుల పద్మటంకాల (తామర ముద్ర ఉన్న పాత బంగారు నాణేల) మీద శ్రీకారాన్ని విడి ముద్రగా కొట్టే అలవాటు ఎలాగూ ఉండేది.

పూజలో పెడతారా అని అనుమానం రావచ్చు. దసరాకు సింహవాహిని అమ్మవారిని చూసే కళ్లకు ఈ రూపం పరాయిదిగా తోచదు. జాగ్రత్త పడాల్సింది దానికి ఎదురు వైపు: నాలుగు చేతులు తగిలించి, కిరీటం పెట్టి రుద్రమను దుర్గను చేసేయకూడదు. ఈమె 1289 దాకా పాలించిన మనిషి. ఒక రాష్ట్రపు రాణి దేశం నాణెం మీదా అని ఇంకో అభ్యంతరం. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండినప్పుడు కేంద్రం వెయ్యి రూపాయల స్మారక నాణెం వేసింది. అశోక చక్రాన్ని ఒక వైపు ఉంచి, రెండో వైపు ఒక్కో ప్రాంతానికి చోటిస్తే సరిపోతుంది.

అయితే శిల్పాన్ని ఫొటో తీసి కంప్యూటర్‌తో అచ్చు దింపితే అది చదునుగా, ప్రాణం లేకుండా వస్తుంది. ఇత్తడి రేకును సుత్తి దెబ్బలతో ఉబికించి బొమ్మలు తీసే పెంబర్తి కళాకారులు ఇక్కడికి దగ్గరలోనే ఉన్నారు. రుద్రమ సింహానికి మొదటి నమూనా పెద్ద సైజులో వాళ్లతో చేయించాలి. దాన్ని కుదించి అచ్చు చేసే పని టంకశాల చూసుకుంటుంది.