58 నుంచి 1కి ఎగిరిన ఊరి నుంచి, ఒక ఫార్వర్డ్‌కి జవాబు

ఈ వారంలో ఇది ఆరోసారి. మొదట మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో వచ్చింది, తర్వాత బీఎస్సీ స్నేహితుల గ్రూపులో. ముగ్గురు అక్కయ్యలు విడివిడిగా పంపారు. నిన్న రాత్రి పదకొండున్నరకి హిందూపురం నుంచి మా బాబాయి పంపాడు, కింద "చదువమ్మా, నీ సర్వేల సంగతే" అని ప్రత్యేకంగా రాసి. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

దీపాలూ చేతులు జోడించిన బొమ్మలూ తీసేస్తే అందులో మిగిలేది ఇది. ప్రపంచ సంతోష నివేదికలో భారతదేశం 2013లో 111, 2020లో 144, 2025లో 118. అంటే ముందు మునిగాం, తర్వాత తేలాం. కేంద్ర ప్రభుత్వం నగరాలకి ఇచ్చిన ఈజ్ ఆఫ్ లివింగ్ (జీవన సౌలభ్యం) ర్యాంకుల్లో బెంగళూరు 2018లో 58, 2020లో నంబర్ వన్. పాకిస్తాన్ మనకన్నా పైన ఉంది కాబట్టి సంతోష సర్వే బోగస్. అమ్మమ్మల కాలంలో అందరూ హాయిగా ఉండేవారు. కర్ణాటకలో భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు నాలుగేళ్ళలో రెట్టింపయ్యారు, కారణం ఉమ్మడి కుటుంబాలు పోవడం, ఆడవాళ్ళు ఉద్యోగాలకు పోవడం. నిజాన్ని పది మందికి పంపండి.

పై లైనులో సర్వేనే సాక్ష్యం, కింది లైనులో అదే సర్వే బోగస్. మధ్యలో ఒక దీపం బొమ్మ. సరే.

నేను పదకొండేళ్ళు ఈ బెంగళూరులో సర్వేల కోసం తలుపులు కొట్టినదాన్ని. సబ్బుల గురించి అడిగాను, ఇన్సూరెన్స్ గురించి అడిగాను, అప్పుడప్పుడు "మీ జీవితం ఎలా ఉంది" అని కూడా అడిగాను. ఆ అర్హతతోనే రాస్తున్నాను, అంతకుమించి ఏమీ లేదు.

ముందు చిన్నవి తేల్చేద్దాం. 2025లో పాకిస్తాన్ 109, మనం 118. మనకు నచ్చలేదు. నచ్చకపోవడం సర్వేలో లోపం కాదు. అమ్మమ్మల కాలం గురించి: అమ్మమ్మని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, నీళ్ళ బిందె దించి సమాధానం చెప్పే తీరిక ఆవిడకి ఉండేదా అన్నది వేరే ప్రశ్న.

ఇక ర్యాంకులు. 2023లో మన ర్యాంకు 126, 2024లో కూడా 126. కదల్లేదని అనిపిస్తుంది కదా. 2023 పట్టికలో ఉన్నవి 137 దేశాలు, 2024 పట్టికలో 143. మన కింద ఒక ఏడాది 11 దేశాలు, ఇంకో ఏడాది 17. 2013 పట్టికలోనైతే 156. ఏ ఏడాది ఏ దేశంలో సర్వే కుదిరితే ఆ దేశం పట్టికలోకి వస్తుంది, కుదరకపోతే పోతుంది. మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ముందున్న నలుగురు టీ తాగడానికి వెళ్తే నేను నాలుగు అడుగులు ముందుకొస్తాను. దాంతో హిందూపురం దగ్గర పడదు.

ఇంకో సంగతి. ఆ నివేదికలో ఏ ఏడాది అంకె ఆ ఏడాదిది కాదు, మూడేళ్ళ సగటు. 2020 ర్యాంకు వెనక ఉన్నవి 2017, 2018, 2019. కాబట్టి "144కి పడిపోయాం, కరోనా దెబ్బ" అని గ్రూపులో విశ్లేషణ రాసిన పెద్దమనిషికి నమస్కారం.

ఇప్పుడు మా ఊరు. 58 నుంచి 1కి. ఈ వాక్యం సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని చదివాను. చదవడానికి కావలసినంత సమయం దొరికింది. రెండోసారి చదివాను, అప్పటికీ కదల్లేదు.

2018లో 111 నగరాలకూ కలిపి ఒకే వరస. 2020 ర్యాంకులు 2021 మార్చిలో వచ్చాయి, అప్పటికి పది లక్షల జనాభా దాటిన 49 నగరాలని ఒక జాబితాగా, మిగతా 62ని ఇంకో జాబితాగా విడదీశారు. మనం నంబర్ వన్ అయింది 49 మంది పరుగులో. అందులో 58వ స్థానం అనేదే ఉండదు, దిగజారుదామన్నా కుదరదు! మొదటిసారి 78 సూచికలు, రెండోసారి 49. మొదటిసారి లేనిది రెండోసారి వచ్చి చేరింది, జనాభిప్రాయ సర్వే. దానికి మొత్తం మార్కుల్లో 30 శాతం. 2020 జనవరి నుంచి మార్చి దాకా దేశమంతా కలిపి 32 లక్షల మంది చెప్పారు, ఆన్‌లైన్లో కొందరు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కొందరు, ఎదురుగా అడిగితే కొందరు. తనంతట తాను కోడ్ స్కాన్ చేసి ఊరి గురించి చెప్పేవాడు, నేను తలుపు కొడితే విసుక్కుంటూ వచ్చేవాడు ఒకటి కాదు. విసుక్కునేవాడి మాట మీద నాకు నమ్మకం కాస్త ఎక్కువ, అది నా వృత్తి జబ్బు అనుకోండి.

పుణె మొదటిసారి 1, రెండోసారి 2. పుణెలో ఏం కూలిపోయిందని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు మరి.

మా అవ్వ ఇంట్లో ఒక మానిక ఉండేది, పక్కన సొట్ట. అందులో బియ్యం పూర్తిగా మానికెడు పట్టవని అందరికీ తెలుసు. అయినా ఏటా కళ్ళంలో అదే మానికతో కొలిచేవాళ్ళు కాబట్టి ఈ ఏడు గింజలు ఎక్కువా తక్కువా అన్నది సరిగ్గానే తెలిసేది. కొత్త మానిక కొన్న ఏడాది మాత్రం అన్నదమ్ముల మధ్య పెద్ద గొడవ జరిగిందట. సర్వేలో సొట్ట ఉండటం తప్పు కాదు. సొట్ట లేని సర్వే నేను చూడలేదు. నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టే ముందు మానిక అదేనా అని ఒకసారి చూడండి, నేను అడిగేది అంతే.

మన దేశానికి ఇది కొత్త పాఠం కూడా కాదు. 1993-94లో పేదలు 36 శాతం, 1999-2000లో 26 శాతం అని లెక్క వచ్చింది. అంతకుముందు "గత 30 రోజుల్లో తిండికి ఎంత ఖర్చయింది" అని అడిగేవాళ్ళు. ఆ రెండోసారి అదే కుటుంబాన్ని పక్క పక్కనే 7 రోజులకీ అడిగారు, 30 రోజులకీ అడిగారు. మనిషి వారం లెక్క చెప్పి వెంటనే నెల లెక్క చెప్పాలంటే రెండూ పొసిగేలా సర్దుకుంటాడు కదా. అలా ఖర్చు పెరిగినట్టు కనిపిస్తే పేదలు తగ్గినట్టు కనిపిస్తారు. పదేళ్ళు కొట్టుకున్నారు ఆర్థికవేత్తలు ఆ పది శాతం గురించి.

ఇక్కడ బాబాయికి ఒకటి ఒప్పుకోవాలి. రాసేటప్పుడు నా ప్లాన్ వేరు. ర్యాంకులు వదిలేసి అసలు స్కోర్లు చూపిస్తే ఈ మునగడం తేలడం కథ అక్కడే తేలిపోతుందనుకున్నాను. స్కోర్లు తీశాను. 2013 నివేదికలో మనది 4.77. 2020లో 3.57. 2025లో 4.39. ప్రశ్న మూడుసార్లూ ఒకటే. ఇది పట్టికలో ఎన్ని దేశాలున్నాయన్న గారడీ కాదు, పది మెట్ల నిచ్చెన మీద దేశం సగటు ఒక మెట్టుకు పైగా దిగింది. ర్యాంకుల్ని వెక్కిరించే మాలాంటివాళ్ళం ఈ మాట ఎప్పుడూ పైకి అనం. ఫార్వర్డ్ రాసినవాడికి కారణం తెలియకపోయినా దెబ్బ సరైన చోటే తగిలింది.

అయితే ఆ మెట్టు ఏమిటో చూడాలి. ర్యాంకులు ఏ ప్రశ్న మీద వస్తాయో అందులో సంతోషం అన్న మాటే లేదు. 0 నుంచి 10 దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోండి, పై మెట్టు మీకు సాధ్యమైనంత మంచి జీవితం, అడుగు మెట్టు అతి చెడ్డ జీవితం, మీరిప్పుడు ఏ మెట్టు మీదున్నారు అంటారు. 1960లలో హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు పెట్టిన ప్రశ్న. ఇలాంటి నిచ్చెన కార్డే ఒకసారి నేను కె.ఆర్.పురంలో కట్టుబడి పని చేస్తున్న ఒక మేస్త్రీకి చూపించాను. మడకశిర వైపు మనిషి. కార్డు తిప్పి తిప్పి చూశాడు.

"పై మెట్టు మీద ఎవురూ నిలబడరు మేడమ్. పట్టుకునేదానికి ఏముంటాది? పైన రెండు వదిలేయల్ల. ఎనిమిది రాసుకోండి, అంతకంటే పైకి పోతే పడతాం."

ఎనిమిది రాసుకున్నాను. ఆయన లెక్కలో అది పదికి పది. ఇప్పుడు మానిక సంగతి గుర్తు చేసుకోండి: ఏటా ఇలాంటి మేస్త్రీలు అంతే మంది తగిలితే ఏమీ కాదు. అడిగే పద్ధతి మారితేనే చిక్కు. 2008 నుంచి గాలప్ సంస్థ అమెరికాలో రోజూ వెయ్యి మందిని ఈ నిచ్చెన ప్రశ్నే అడిగింది. తర్వాత నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ ఆ లెక్కలు ముందేసుకుని చూస్తే, రాజకీయాల గురించి ముందు అడిగి నిచ్చెన తర్వాత అడిగిన రోజుల్లో సగటు సుమారు 0.6 మెట్టు తక్కువ ఉంది. ఉద్యోగం పోయినవాడు దిగేదానికంటే కాస్తే తక్కువ. దేశం అదే, జనం అదే, ముందు ఇంకో ప్రశ్న దూరింది, అంతే. 2020లో కరోనా వల్ల చాలా దేశాల్లో ఎదురుగా కూర్చుని అడగడం మానేసి ఫోన్లో అడిగారు. ఫోన్లో కార్డు చూపించలేం. మేస్త్రీకి మెట్లు కనిపించవు. అలాగని మన మెట్టు దిగడం మొత్తాన్ని ఇలాంటివాటి మీదికే తోసేస్తే అది ఇంకో ఫార్వర్డ్ అవుతుంది. తోయను.

ఇక అసలుది, నాకు నిద్ర పట్టనివ్వనిది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటక అంకె నిజమే. 18 నుంచి 49 ఏళ్ళ మధ్య వివాహితల్లో భర్త చేతిలో ఎప్పుడైనా హింసకు గురయ్యామన్నవాళ్ళు 2015-16లో 20.6 శాతం, తర్వాతి సర్వేలో 44.4 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువే. దీని కింద మా గ్రూపులో ఒక పెద్దాయన రాశారు: "అందుకే మా కోడల్ని ఉద్యోగానికి పంపడం లేదు." పదిహేడు మంది బొటనవేలు ఎత్తారు.

ఆయన్ని ఒక్క మాట మళ్ళీ చదవమంటాను. "ఎప్పుడైనా." ఈ ఏడాది కాదు, జీవితంలో ఎప్పుడైనా. రెండో సర్వేలో 22 ఏళ్ళు దాటినవాళ్ళంతా మొదటి సర్వే నాటికి 18 దాటినవాళ్ళే, దాదాపు అదే తరం ఆడవాళ్ళు. జీవితకాలపు అంకె నాలుగేళ్ళలో 20 నుంచి 44కి పోవాలంటే, ఇరవై ఏళ్ళు కాపురం చేసి ఒక్కసారి కూడా చెయ్యెత్తని మగవాళ్ళు నూటికి ఇరవై మందికి పైగా ఆ నాలుగేళ్ళలోనే మొదలుపెట్టాలి. ముహూర్తం పెట్టుకుని మొదలుపెట్టారా? లాక్‌డౌన్ అంటారేమో. కర్ణాటకలో ఆ సర్వే లాక్‌డౌన్‌కి ముందే అయిపోయింది. ఉమ్మడి కుటుంబాలు పోయాయంటారా? అదే సర్వేలో దేశం మొత్తం మీద ఆ అంకె 31.2 నుంచి 29.3కి తగ్గింది. ఉమ్మడి కుటుంబాలు రాష్ట్ర సరిహద్దులోని హోసూరు చెక్‌పోస్ట్‌కి ఇవతలే విడిపోయాయా? ఆడవాళ్ళు దేశంలో ఇంకెక్కడా ఉద్యోగాలకు పోవడం లేదా?

మారింది ఎక్కువగా చెప్పడం. ఆ ప్రశ్నలు ఇంటికి ఒక్క ఆడమనిషినే అడుగుతారు, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని మరీ. చాటు దొరక్కపోతే ఆ భాగం అడగరు. అడిగే అమ్మాయికి ఎంత శిక్షణ ఇచ్చారు, ఎంత ఓపిగ్గా కూర్చుంది, వంటింటి గుమ్మంలో ఎవరు నిలబడ్డారు, వీటితో అంకె మారుతుంది. రెండు అంకెల్లో ఒకదాన్ని అనుమానించమంటే నేను చిన్నదాన్నే అనుమానిస్తాను. దెబ్బలు తినకుండా తిన్నానని చెప్పిన ఆడదాన్ని పదకొండేళ్ళలో నేను చూడలేదు. తిని లేదన్నవాళ్ళని చూశాను. గుమ్మంలో అత్తగారు నిలబడే ఇల్లే ఉమ్మడి కుటుంబం అయితే, ఆ ఇంట్లో అంకె తక్కువే వస్తుంది పెద్దాయనా.

ఎజీపురలో ఒక సందు. కుప్పం నుంచి వచ్చిన కుటుంబం, మొదటి అంతస్తులో ఒకటే గది. మాది ఏదో ఆరోగ్యం సర్వే, మధ్యలో ఇంట్లో గొడవల గురించి నాలుగు ప్రశ్నలు. ఆ అమ్మాయి మెంతికూర ఒలుస్తూ చెప్తోంది. అత్తగారు మంచం మీద కూర్చుని సీరియల్ చూస్తోంది, టీవీ సౌండు మాత్రం తగ్గించి. గొడవల ప్రశ్న రాగానే అమ్మాయి తలెత్తకుండా "అట్లాంటివేం లేవక్కా" అంది. నాలుగింటికీ అదే. బయటికి వచ్చి మెట్ల మీదే ట్యాబ్‌లో ఫారం పంపేశాను, ఆ రోజు ఇంకా ఆరు ఇళ్ళున్నాయి. కింద కొళాయి దగ్గరికి వచ్చేసరికి వెనకాలే ఖాళీ బిందెతో దిగివచ్చింది.

"అక్కా, ఇందాక చెప్పింది మార్చి రాసుకుంటారా?"

ఒకసారి పంపేసిన ఫారం తెరుచుకోదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను, వదిలెయ్ అన్నాడు. ఆ ఏడాది మా లెక్కలో ఆ ఇంట్లో గొడవల్లేవు.