అయిదుగురు అక్కలూ నగలమ్మలేదు మహాప్రభో

నిన్న రాత్రితో ఆ ఫార్వర్డ్ మెసేజ్ నాలుగోసారి వచ్చింది. మొదట ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా పిన్ని నుంచి, చివరికి ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోనే మా పక్క వీధిలో ఉండే స్నేహితుడి నుంచి. వాడు రైలెక్కితే అరగంటలో యార్క్. వెళ్లి చూడొచ్చు. చూడడు, ఫార్వర్డ్ చేస్తాడు.

అందులో ఉన్నది ఇదీ: యార్క్ మిన్‌స్టర్ కేథడ్రల్‌లో "ఫైవ్ సిస్టర్స్" అనే అయిదు నిలువు కిటికీల్ని, మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక్కగానొక్క తమ్ముణ్ణి పోగొట్టుకున్న అయిదుగురు అక్కలు నగలమ్మి 1925లో కట్టించారట. ఎర్ర గాజులో సైనికుల రక్తం కలిపారట. అక్కడ వేలాడే పటాలాల జెండాలు ఆ యుద్ధంలో తూటాలకు చిరిగాయట. కొన్ని టిప్పు సుల్తాన్ దగ్గర కొల్లగొట్టినవట. కిటికీలో గాజు ముక్కల్ని పట్టి ఉంచడానికి వాడిన సీసం వందల ఏళ్లు ఓ పాడుబడ్డ మఠం శిథిలాల కింద పడి ఉన్నదట. "కన్నీళ్లు ఆగకపోతే షేర్ చేయండి."

రక్తం సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఆ కిటికీలో ఎరుపు వెతుక్కోవాలి. దూరం నుంచి ముగ్గుపిండి రంగు, దగ్గరికెళ్తే లేత ఆకుపచ్చ, దాని మీద నల్లగీతల్లో ఆకులూ తీగలూ. అంతే.

జెండాలు టిప్పువి కావు. ఆ పటాలాల సొంతవే. కొత్త జెండా వచ్చాక పాతదాన్ని చర్చికి అప్పగిస్తారు. ఆ తర్వాత కుట్టరు, మాసికెయ్యరు. పట్టుబట్ట కదా, వెలుతురుకూ దుమ్ముకూ తన బరువుకూ తనే పోగుపోగుగా రాలిపోతుంది. అలా రాలనివ్వడమే చాలాచోట్ల ఆచారం. ఇక తూటాలంటారా, బ్రిటిష్ పటాలం తన జెండాను చివరిసారి పోరులోకి తీసుకెళ్లింది 1881లో, దక్షిణాఫ్రికాలోని లైంగ్స్ నెక్ దగ్గర. 1914 యుద్ధంలో వాటికి తూటా తగలాలంటే, ఆ తూటా ఇంగ్లిష్ ఛానెల్ ఈది, చర్చి తలుపు తోసుకుని రావాలి.

నాకు అసలు ఒళ్లు మండేది ఆ అక్కల కథకే.

ఆ గాజు 1250 ప్రాంతంలోది. మన ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు. ఒక్కో కిటికీ 16 మీటర్ల ఎత్తు, మొత్తం లక్షకు పైగా గాజు ముక్కలు. ఆ పేరు కూడా పాతదే. ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ 1839 నాటికే తన నవల "నికొలస్ నికల్‌బీ"లో దానికి అయిదుగురు అక్కచెల్లెళ్ల కథ అల్లేశాడు. మరి ఈ తమ్ముడు పోయింది ఏ యుద్ధంలో, కళింగ యుద్ధంలోనా?

1925లో జరిగింది మరమ్మతు. జెప్పెలిన్లనే జర్మన్ గాలి ఓడల బాంబుల భయంతో యుద్ధకాలంలో గాజంతా దింపారు. దింపాక చూస్తే సీసం పుచ్చిపోయి ఉంది. అప్పుడు హెలెన్ లిటిల్, అల్‌మైరా గ్రే అనే ఇద్దరు, మగవాళ్లకు ఊరూరా స్తంభాలు లేస్తున్నాయి, యుద్ధంలో పోయిన ఆడవాళ్ల సంగతేమిటని బయల్దేరారు. ఆడవాళ్ల దగ్గరే చందాలు వసూలు చేసి 3,000 పౌండ్లకు పైగా పోగుచేశారు. అంటే ఆ కిటికీ ఏ తమ్ముడి కోసమూ కాదు. చనిపోయిన ఆడవాళ్ల కోసం, ఆడవాళ్లు చేయించింది.

దగ్గర్లోనే ఓక్ చెక్క పలకలున్నాయి, బీరువా తలుపుల్లా తెరుచుకుంటాయి. వాటి నిండా పేర్లు, 1,400కు పైగా. నర్సులు మాత్రమే కాదు, ఫిరంగి గుండ్లు తయారుచేసిన కూలీలు కూడా. 1916 డిసెంబర్‌లో, లీడ్స్ పక్కనే బార్న్‌బో ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 35 మంది ఆడవాళ్లు చనిపోయారు. చోటు పేరు రాయడానికి కూడా అప్పుడు పత్రికలకు వీల్లేదు. వాళ్ల పేర్లు ఆ తలుపుల మీదికెక్కాయి. వందేళ్ల తర్వాత మన మెసేజ్ వచ్చి ఆ పేర్లన్నీ చెరిపేసి, తమ్ముడి కోసం ఏడ్చే అక్కల్ని కూర్చోబెట్టింది. ఆడది యుద్ధంలో చచ్చిపోయిందంటే షేర్లు రావు కాబోలు, ఏడ్చిందంటే వస్తాయి.

ఇప్పుడు నేను చెంపలేసుకోవాల్సిన చోటు. సీసం కథ చదివి అన్నిటికన్నా ఎక్కువ నవ్వాను. అదొక్కటే నిజం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాల్ని మూయించినప్పుడు రీవో మఠం కప్పు సీసాన్ని కరిగించి దిమ్మలు పోశారు. అవి శిథిలాల కింద ఉండిపోయి, మొదటి యుద్ధం తర్వాత బయటపడ్డాయి. వాటితోనే ఈ కిటికీని మళ్లీ బిగించారు. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. చనిపోయిన తన అక్కచెల్లెళ్లిద్దరు కనిపించి ఆ కిటికీవైపు చెయ్యి చూపించారని హెలెన్ లిటిలే చెప్పింది. కథలో అక్కచెల్లెళ్లు పూర్తిగా లేకపోలేదు.

ఇదంతా టైపు చేసి, ఆ తలుపుల ఫొటో జోడించి పిన్నికి పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "చాలా బాగుంది నాన్నా. ఇంతకీ ఆ తమ్ముడి పేరేమిటి?"