అభిమానుల పునర్వ్యవస్థీకరణకు ఒక ముసాయిదా

రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లో కొత్త ఉత్సాహం నింపాలా, వద్దా అన్న అంశం 1963 మే నెల నుంచి పెండింగులో ఉంది. లండన్‌లో విచారణ సంఘాలకు కొదవ లేదు గానీ ఎందుకో ఎవరూ దీని జోలికి పోలేదు. అభిమానులు మాత్రం తరం తర్వాత తరం ఈ వాదనలోనే తల పండించుకుంటున్నారు. తల పండనివారికి జుట్టు రాలింది. అందుకని ఎవరూ అడగకపోయినా ఆ బాధ్యతను నేనే నెత్తిన వేసుకుని, అన్ని పక్షాల వాదనలూ పరిశీలించి, ఈ ముసాయిదాను ప్రజల ముందు పెడుతున్నాను. అభ్యంతరాలను రాతపూర్వకంగా పంపవచ్చు. చదువుతానని హామీ ఇవ్వలేను.

ముందుగా పూర్వరంగం. ఈ బ్యాండ్ మొదటి కచేరీ 1962 జూలై 12న లండన్‌లోని మార్కీ క్లబ్‌లో జరిగింది. ఏడాది తిరగకముందే మేనేజరుగా దిగిన పందొమ్మిదేళ్ల ఆండ్రూ లూగ్ ఓల్డమ్, బ్యాండ్‌లో ఆరుగురు మరీ ఎక్కువని, పైగా పియానో వాయించే ఇయాన్ స్టూవర్ట్ వాలకం ఫొటోకు నప్పడం లేదని తేల్చాడు. స్టూవర్ట్ వ్యవస్థాపకుల్లో ఒకడు. అయినా జాబితాలోంచి పేరు కొట్టేశారు. ఆయన అలిగి వెళ్లిపోలేదు. వ్యాన్ నడిపాడు, వాద్యాలు మోశాడు, వేదిక మీద ఒక వారగా కూర్చుని పియానో వాయించాడు. తనకు గిట్టని మైనర్ కార్డు (ఒకేసారి మోగే విషాద స్వరాల గుంపు) వచ్చినప్పుడల్లా పియానో మెట్ల మీద నుంచి చేతులు పైకి తీసేసి, అది దాటిపోయాక మళ్లీ దించేవాడు. 1985లో కన్నుమూసే దాకా అదే కొలువు, అదే నిరసన. బ్యాండ్‌లో కొత్తదనం కోసం తీసుకున్న మొట్టమొదటి చర్య ఇది: పని తెలిసినవాడిని ఫొటోలోంచి తీసేసి, పని మాత్రం అతని చేతే చేయించుకోవడం. తర్వాత వచ్చిన సంస్కరణలన్నీ దీని వారసులే.

ఇక వాది ప్రతివాదుల సంగతి. అభిమానుల్లో మొదటిది బ్రయన్ జోన్స్ శాఖ. సంఖ్యలో తక్కువ, నిష్ఠలో ఎక్కువ. బ్యాండ్‌ను కూడగట్టినవాడూ, దానికి పేరు పెట్టినవాడూ ఆయనే గనుక, 1969 జూన్‌లో ఆయనను సాగనంపిన రోజే బ్యాండ్ ముగిసిందని వీరి సిద్ధాంతం. ఆ తర్వాత జరుగుతున్నదంతా అదే బోర్డు కింద వేరెవరో నడుపుకుంటున్న వ్యాపారం. ముగిసిపోయిన బ్యాండ్ టికెట్ల ధర మీద వీరికి అంత కోపం ఎందుకో మాత్రం నాకు బోధపడలేదు.

రెండోది మిక్ టేలర్ శాఖ. ఇది పెద్దది, స్థితిమంతమైనది, మహా మాటకారి. బ్రయన్ జోన్స్ 1969 జూలై 3న చనిపోతే, మూడో రోజున లండన్ హైడ్ పార్కులో ఆయన స్థానంలో ఇరవై ఏళ్ల టేలర్ గిటార్ తగిలించుకుని లక్షల మంది ముందు నిలబడ్డాడు. ఐదున్నరేళ్లు అద్భుతంగా వాయించి 1974 డిసెంబరులో తనంతట తానే వెళ్లిపోయాడు. ఈ శాఖ వారి క్యాలెండరు కూడా అక్కడితో ఆగిపోయింది. వీరితో చర్చ ఒకే దారిలో సాగుతుంది. బ్యాండ్ చచ్చుబడిపోయింది, కుర్రవాడిని తీసుకురావాలి అని మొదలుపెడతారు. సరే, ఎవరిని తెద్దాం అని అడిగితే, 1949లో పుట్టిన టేలర్‌నే మళ్లీ పిలిపించమంటారు. ఆ ముచ్చటా తీరింది. 2012 నుంచి కొంతకాలం ఆయనను అతిథిగా పిలిచారు. రాత్రికి ఒకటి రెండు పాటలే ఇచ్చారని వీరి శోకం ఇప్పటికీ చల్లారలేదు.

మూడో శాఖ డిస్కో బాధితులది. 1978లో బ్యాండ్ ఒక పాటలో డిస్కో తాళం అందుకున్నప్పుడు వీరి పెద్దలు గుండెలు బాదుకున్నారు. వీరి పిల్లలు అదే పాటకు పెళ్లి విందుల్లో ఆడారు. ఇప్పుడు కచేరీలో ఆ పాట రాకపోతే మోసం జరిగిందని వాపోయేవారు ఈ ఇద్దరిలో ఎవరన్నది తేల్చడం నా శక్తికి మించిన పని.

ఇన్ని శాఖల సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సూత్రం కనిపిస్తుంది. ఎవరికి ఏ ఏట మీసం మొలిచిందో, ఆ ఏట ఎవరు గిటార్ పట్టుకుని ఉన్నారో వారే అసలైన గిటారిస్టు. అంతకు ముందున్నవాడు చరిత్ర, ఆ తర్వాత వచ్చినవాడు చొరబాటుదారు. కాబట్టి అభిమాని కొత్త ఉత్సాహం కావాలన్నప్పుడు, ఇదివరకే జరిగిపోయిన మార్పుల్లో తన వాటాకు వచ్చిన మార్పును మళ్లీ చేయమంటున్నాడని గ్రహించాలి. ఇది బ్యాండ్ పరిధిలోని అంశం కాదు. డాక్టర్లు కూడా చేతులెత్తేశారని విన్నాను.

బ్యాండ్ తన వంతుగా ఏమీ చేయలేదా అంటే, ఉద్యోగ నియామకాల విషయంలో దాన్ని చూసి మన ప్రభుత్వ శాఖలు నేర్చుకోవలసింది చాలా ఉంది. టేలర్ వెళ్లిపోయాక మ్యూనిక్‌లోనూ రోటర్‌డామ్‌లోనూ కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకుంటూనే దాన్ని గిటారిస్టుల పరీక్షగా కూడా నడిపారు. జెఫ్ బెక్, రోరీ గల్లఘర్ వంటి ఉద్దండులు వచ్చి వాయించి వెళ్లారు. చివరికి ఉద్యోగం రానీ వుడ్‌కు వచ్చింది. ఆయన 1975 టూరుకు ఫేసెస్ అనే మరో బ్యాండ్ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. వచ్చాక పదిహేనేళ్లు దాటినా ఆయనది నెల జీతమే, లాభాల్లో వాటా లేదు. అభిమానుల రికార్డుల్లో ఆయన నేటికీ ‘కొత్తగా వచ్చినవాడే’. 1947లో పుట్టిన ఈ కుర్రవాడికి అనుభవం చాలదని టేలర్ శాఖ ఏటా అభ్యంతరం తెలుపుతూనే ఉంది.

వుడ్‌కైనా ఆలస్యంగా న్యాయం జరిగింది. డారిల్ జోన్స్ సంగతి చూడండి. 1993లో బిల్ వైమన్ బ్యాండ్ వదిలేశాక బేస్ గిటార్ ఈయన చేతికి వచ్చింది. అంతకు ముందే జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన వాయించి వచ్చినవాడు, అర్హతలకు లోటు లేదు. 1994 టూరు నుంచి ప్రతి టూరులోనూ ఉన్నాడు. మూడు దశాబ్దాలు గడిచాయి. బ్యాండ్ ఫొటోలో ఇంకా లేడు. అంత సర్వీసు ఉన్న కాంట్రాక్టు లెక్చరర్ మన దగ్గర అయితే ఈపాటికి ఇందిరా పార్కు ధర్నా చౌకులో రెండు టెంట్లు మార్చి ఉండేవాడు. జోన్స్ అదేమీ పెట్టుకోకుండా వెనక వరుసలో నిలబడి బ్యాండ్ మొత్తాన్నీ మోస్తున్నాడు. 1963లో ఆరుగురు ఎక్కువైన బ్యాండ్‌కు ఇప్పుడు శాశ్వత ఉద్యోగులు ముగ్గురే. వేదిక మీద పదిమంది దాకా కనిపిస్తారు. మిగిలినవారంతా పొరుగు సేవల కింద లెక్క.

ఇప్పుడు ఉత్సాహం లెక్కలు. 1989 టూరుకు ‘ఉక్కు చక్రాలు’ అని అర్థం వచ్చే పేరు పెడితే, పత్రికలవారు దాన్ని ‘ఉక్కు చక్రాల కుర్చీలు’ చేసి నవ్వుకున్నారు. అప్పుడు బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ వయసు 46. ఆ జోకు రాసినవారు చాలామంది పదవీ విరమణ చేశారు. జాగర్ ఇంకా వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతూనే ఉన్నాడు. 2019 ఏప్రిల్‌లో ఆయన గుండెకు కవాటం మార్చారు. జూన్‌లో షికాగోలో పాడాడు. గాయకుడిని మార్చాలన్న డిమాండుకు ఇంతకన్నా సున్నితమైన మధ్యేమార్గం వైద్యశాస్త్రంలో కూడా లేదు. మొదటి నుంచీ ఉన్న గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 2006లో ఫిజీలో చెట్టు మీద నుంచి పడి, తలకు ఆపరేషన్ చేయించుకుని, ఆ వేసవిలోనే గిటార్ పట్టుకున్నాడు. అభిమానులు ఆరా తీసేది ఆయన ఎలా పడ్డాడని. అరవై రెండేళ్ల వయసులో అసలు చెట్టెందుకు ఎక్కాడన్నది విచారణకు రావలసిన అంశం. చెట్టెక్కే మనిషికి ఉత్సాహం తక్కువైందని వాదించాలంటే గుండె ధైర్యం కావాలి. కొత్త రక్తం సంగతంటారా, 1973లో ఆయన స్విట్జర్లాండ్ వెళ్లి ఒంట్లో రక్తమంతా మార్పించుకు వచ్చాడని లోకమంతా చెప్పుకుంది. తాను వేళాకోళానికి అన్న మాట అదని ఆయనే చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. అంటే అభిమానులు కోరిన సంస్కరణ వారి మనసుల్లో ఎప్పుడో అమలైపోయింది.

2024 టూరును సమర్పించినది యాభై దాటిన అమెరికన్ల సంఘమైన ఏఏఆర్‌పీ. దీన్ని పట్టుకుని బ్యాండ్‌ను ఎగతాళి చేసినవారున్నారు. నాకు మాత్రం ఇందులో మంచి మార్కెటింగ్ బుద్ధి కనిపించింది. ప్రాయోజకులు డబ్బు పెట్టేది వేదిక మీద ఉన్నవారిని చూసి కాదు, కుర్చీల్లో ఉన్నవారిని చూసి.

ఆ కుర్చీల దగ్గరే అసలు వ్యవహారమంతా ఉంది. 2023లో హాక్నీ డైమండ్స్ ఆల్బమ్ వచ్చింది. పద్దెనిమిదేళ్ల తర్వాత బ్యాండ్ సొంత కొత్త పాటలు. నిర్మాత ఆండ్రూ వాట్, 1990లో పుట్టినవాడు. కొత్త ఉత్సాహం కావాలని అడిగినవారందరికీ ఇది రాతపూర్వకమైన జవాబు. ఇక మరుసటి ఏడాది స్టేడియంలో జరిగే తంతు చూడాలి. పద్దెనిమిది, పంతొమ్మిది పాటల్లో కొత్తవి రెండో మూడో. జాగర్ మైకు ముందుకు వచ్చి, ఇది కొత్త ఆల్బమ్‌లోది అంటాడు. అనగానే పన్నెండో వరుసలో ఒక పెద్దాయన మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తాడు. ఆయన లేచాడని పక్కాయన, వాళ్లిద్దరికీ దారి ఇవ్వడానికి లేచినవారు ఎలాగూ లేచాం కదా అని వాళ్ల వెనకే. మెట్ల మీద సన్నగా మొదలైన ధార కిందికి వచ్చేసరికి రెండు పాయలవుతుంది, ఒకటి బీరు కౌంటరుకు, ఒకటి మరుగుదొడ్లకు. పైన డెబ్భై, ఎనభై ఏళ్లవాళ్లు చెమటలు కక్కుతూ కొత్త పాట వాయిస్తుంటారు. కింద వరుసలో నిలబడ్డ పెద్దాయన ముందున్నాయన భుజం తట్టి, బ్యాండ్‌లో మునుపటి ఊపు లేదండీ, కొత్తగా ఏదైనా చేయాలి అంటాడు. అంతలో 1965 నాటి గిటార్ ముక్క వినబడుతుంది. వరుస వరుసంతా గ్లాసులు ఒలకబోసుకుంటూ వెనక్కి పరుగు. జీవితంలో తృప్తి దొరకడం లేదని మొత్తుకునే ఆ పాటను ఇంత తృప్తిగా పాడే జనాన్ని మరెక్కడా చూడలేం.

కాబట్టి ఈ ముసాయిదా చేసే సిఫారసు ఒక్కటే. బ్యాండ్‌లో గిటారిస్టులు మారారు, బేస్ మారింది, డ్రమ్స్ మారాయి, గుండెలో కవాటం మారింది. మారనిది ప్రేక్షకవర్గం. నియామక పరీక్ష పెట్టవలసింది అక్కడ. స్టూవర్ట్ నియమాన్ని అభిమానులకూ వర్తింపజేయాలి. పాతిక కచేరీలు దాటినవారి పేర్లు అధికారిక జాబితా నుంచి తొలగించాలి. వారికి అవమానం జరగకూడదు. వ్యాన్ నడపవచ్చు, వాద్యాలు మోయవచ్చు, వారగా కుర్చీ వేసుకుని పాట వినవచ్చు. గిట్టని పాట వచ్చినప్పుడు రెండు చేతులూ పైకెత్తి నిరసన తెలిపే హక్కు ఉంటుంది, లేచి వెళ్లే హక్కు ఉండదు. ఖాళీ అయిన సీట్లలో ఇరవై ఏళ్లవారిని తీసుకోవాలి. కొత్త పాట మొదలైనప్పుడు అది పూర్తయ్యే దాకా నిలబడగలగడమే అర్హత పరీక్ష. తప్పినవారిని కాంట్రాక్టు ప్రేక్షకులుగా ఉంచి, డారిల్ జోన్స్‌ను పర్మనెంట్ చేసిన రోజున వారి విషయమూ పరిశీలించవచ్చు. ఆ ఇరవై ఏళ్లవారు టికెట్ ధర ఎక్కడి నుంచి తెస్తారన్న ప్రశ్న ఆర్థిక శాఖ చూసుకోవాలి. ప్రస్తుత ధరలకు వారు తాతగారి పెన్షన్ మీద ఆధారపడక తప్పదు. తాతగారినేమో మనం ఇప్పుడే జాబితాలోంచి తీసేశాం.

ముసాయిదా బయటికి వస్తే ఏ అభ్యంతరాలు వస్తాయో ముందే ఊహించగలను. టేలర్ శాఖ అంతా ఒప్పుకుని, పాతిక కచేరీల లెక్కను 1975 నుంచి మొదలుపెట్టమంటుంది. అంతకు ముందువి పుణ్యం కింద రాసుకోవాలట. బ్రయన్ జోన్స్ శాఖ నుంచి ఒకే వాక్యం వస్తుంది: అసలైన అభిమానులు 1969లోనే ముగిసిపోయారు గనుక మీకు ఈ విషయంలో అధికార పరిధి లేదు. మనవాళ్లలోనూ ఒక ప్రత్యేక వర్గం ఉంది. 2003 ఏప్రిల్‌లో స్టోన్స్ బెంగళూరులోనూ ముంబయిలోనూ వాయించినప్పుడు, ముసలివాళ్లయిపోయారు, ఇక మళ్లీ రారు, ఇప్పుడే చూసేయాలి అంటూ హైదరాబాదు నుంచి బస్సెక్కి వెళ్లినవారు. అప్పుడు జాగర్‌కు, రిచర్డ్స్‌కు యాభై తొమ్మిదేళ్లు. వెళ్లినవారిలో కొందరు ఇప్పుడు ఆ వయసుకు దగ్గరపడ్డారు. ఇంకా మంచి పదవుల్లోనే ఉన్నారు, తమను కదిపి కుర్రవాళ్లకు చోటిమ్మని అడిగేవారి మీద విరుచుకుపడుతున్నారు. వారి కేసును కారుణ్య ప్రాతిపదికన విడిగా చూడాలి.

మిగిలింది డ్రమ్స్ ఫైలు. 2021 ఆగస్టులో చార్లీ వాట్స్ కన్నుమూశాక ఆ కుర్చీలో స్టీవ్ జోర్డాన్ కూర్చున్నాడు. కొత్తవాడు బాగానే వాయిస్తున్నాడు గానీ అప్పుడే ఏమీ చెప్పలేం అన్నది అన్ని శాఖలూ ఏకగ్రీవంగా ఆమోదించిన ఏకైక తీర్మానం. రానీ వుడ్ ఉదాహరణే కొలమానంగా తీసుకుంటే జోర్డాన్ ప్రొబేషన్ 2030ల చివర్లో పూర్తవుతుంది. ఆయన 1957లో పుట్టాడు. అప్పటికి ఎనభై నిండుతాయి గనుక వయసు చాలదన్న అభ్యంతరం కూడా ఉండకపోవచ్చు.