వైరస్ మ్యుటేషన్‌కు చలానా లేదు

మద్దిలపాలెంలో బస్సెక్కి నేను ఏడాదికి పైగా తిరుగుతున్న కార్యాలయం పేరు చెప్పను. మా నాన్నగారి ఇంటి మ్యుటేషన్ ఫైలు, అంటే రికార్డుల్లో పేరు మార్పు ఫైలు, అక్కడుంది. అడిగితే గుమాస్తాగారు ఊగే బల్లను మోచేత్తో అదిమి పట్టి, "జిరాక్సుకు వెళ్లిందండీ" అంటారు. మెట్ల కింది జిరాక్సు దుకాణానికి దిగితే, "సారు చదవాలని పట్టుకెళ్లిపోయారండీ" అంటాడు కుర్రాడు. చదివేటప్పుడు నకలు తీయలేరు, నకలు తీసేటప్పుడు చదవలేరు. ఇది మన చేతకానితనమే అనుకునేవాణ్ణి. కాలేయానికి పట్టే హెపటైటిస్ సి వైరస్‌కూ ఇదే చిక్కు అని తెలిశాక కాస్త మెత్తబడ్డాను.

ఆ వైరస్ ఆస్తి మొత్తం జన్యు సమాచారం రాసి ఉన్న ఒక్క ఆర్ఎన్ఏ పోగు, సుమారు 9,600 అక్షరాలు. అసలు ప్రతీ అదే, అమలు కావలసిన ఉత్తర్వూ అదే. కణంలోని ప్రొటీన్ల మేస్త్రి రైబోజోము దాన్ని తల నుంచి చదువుకుంటూ ప్రొటీను కడుతుంది. నకలు తీసే ఎన్ఎస్5బి ఎంజైము తోక నుంచి ఎదురొస్తుంది. వన్‌టౌన్ సందులో రెండు ఆటోలు ఎదురుపడ్డట్టే. అక్కడ మాత్రం హారన్లు మోగవు. ఆ పోగు తిన్నగా పడి ఉండకుండా మడతలు పడి, మెలికలు తిరిగి ఉంటుంది. తోక చివరి 98 అక్షరాల్లో మూడు మెలికలు. వాటిలో నడిమిది, అదే పోగులో ఎన్ఎస్5బి తయారీ రాసి ఉన్న పాఠంలోని మరో మెలికను దూరం నుంచి పెనవేసుకుంటుంది. ఆ పట్టు చెడితే నకలు పని సాగదు. చదువు ఆపి నకలు మొదలుపెట్టే మీట ఇలాంటి దూరపు పట్లలోనే ఉందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

కణం సొంత ఉత్తర్వు అయిన మామూలు ఎంఆర్ఎన్ఏకు రైబోజోము దర్శనం కావాలంటే తలమీద 'క్యాప్' అనే రసాయన టోపీ ఉండాలి. అదే టోకెను. ఈ వైరస్‌కు టోపీ లేదు. తలవైపు భాగాన్ని ఐఆర్ఈఎస్ అనే ఆకారంగా మడుచుకుని రైబోజోము చిన్న ముక్కను నేరుగా పట్టేస్తుంది. టోపీ లేనివాడు కణానికే టోపీ పెట్టాడన్నమాట! పైగా కాలేయంలో ఎంఐఆర్-122 అనే చిట్టి ఆర్ఎన్ఏ ఒకటుంది. దాని ఉద్యోగం ఇతరుల ఫైళ్లు తొక్కిపెట్టడం. ఈ ఫైలుకు మాత్రం తల దగ్గర రెండు చోట్ల అంటుకుని, కొరికే ఎంజైములు ముట్టకుండా కాపలా కాస్తుంది. ప్రతి కార్యాలయంలోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకరుంటారట. నాకింకా దొరకలేదు.

ఇక మ్యుటేషన్ సంగతి తలచుకుంటే అసూయే. ఎన్ఎస్5బి రాసింది సరిచూసుకోదు, తప్పులు దొర్లుతూనే ఉంటాయి. వైరస్ మ్యుటేషన్లంటే ఆ తప్పులే. చలానా లేదు, అఫిడవిట్ లేదు. ఇప్పటికీ టీకా రాకపోవడానికి ఈ తప్పుల జోరు ఒక కారణం. 1989లో బయటపడ్డ ఈ వైరస్‌ను కనుగొన్నందుకు ఆల్టర్, హౌటన్, రైస్‌లకు నోబెల్ వచ్చింది 2020లో. 31 ఏళ్లు! మాత్రలతో జబ్బు చాలామందికి 12 వారాల్లో నయమవుతోంది. మా ఫైలుకు 60 వారాలు దాటాయి.

ఇదంతా గుమాస్తాగారికి ఓపికగా వివరించాను. మడతలోనే మహిమంతా ఉందని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆయన శ్రద్ధగా తలూపారు. నిన్న వెళ్లేసరికి బల్ల ఊగడం మానేసింది. వంగి చూస్తే దాని కాలి కింద, చక్కగా నాలుగు మడతలు పెట్టి, మా నాన్నగారి పేరు.