పక్కవాళ్ళ కర్మకు తీర్పు చెప్పడానికి మీరెవరు?

బిడ్డ జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి మొహం పీక్కుపోయిన తల్లి ఆమె. ఇవాళ నలుగురం కూర్చున్నచోట రెండు ముక్కలు చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటుంటే, ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "ఏం చేస్తామమ్మా, పోయిన జన్మలో చేసుకున్నది. అనుభవించి తీరాల్సిందే. జైనంలో ఈ సంగతి చాలా స్పష్టంగా చెప్పారు" అన్నాడు. ఎక్కడ చెప్పారండీ అని అక్కడే అడిగాను. "మీకు అర్థం కాదులెండి" అని నవ్వాడు. అప్పటిదాకా ఆమెకు ఎంతోకొంత సాయం చేద్దామని మాట్లాడుకుంటున్నవాళ్ళు కూడా ఆ మాటతో చల్లబడిపోయారు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

జైన దర్శనంలో శిక్షలు వేసే దేవుడే లేడు. పైన ఎవరూ కూర్చుని మన పాపాలు లెక్కపెట్టడం లేదు. కర్మ అంటే అతి సూక్ష్మమైన పుద్గలం, ఒక పదార్థం. మనసు, మాట, శరీరం కదిలినప్పుడల్లా అది జీవుడి వైపు వస్తుంది, అది ఆస్రవం. క్రోధం, మానం (అంటే గర్వం), మాయ (అంటే కపటం), లోభం అనే కషాయాలు ఉంటే, నూనె రాసుకున్న ఒంటికి దుమ్ము పట్టినట్టు పట్టుకుంటుంది, అది బంధం. ఎంతకాలం పట్టుకుని ఉంటుంది, ఎంత తీవ్రంగా ఫలిస్తుంది అన్నది ఆ కషాయాల బలాన్ని బట్టి ఉంటుంది. ఇందులో మూడోమనిషి వచ్చి తీర్పు చదవడానికి చోటెక్కడుంది?

పైగా "అనుభవించి తీరాల్సిందే" అట! కట్టుకున్న కర్మ కాలపరిమితి తగ్గొచ్చు, తీవ్రత తగ్గొచ్చు, బాధనిచ్చే అసాతా వేదనీయ కర్మ సుఖాన్నిచ్చే సాతా వేదనీయంగా మారొచ్చు, పండాల్సిన సమయం కంటే ముందే పండి రాలిపోవచ్చు. అపకర్షణ, సంక్రమణ, ఉదీరణ అని వాటికి పేర్లు కూడా పెట్టి వివరించారు. నికాచితమనే రకం ఒక్కటే ఏ మార్పుకీ లొంగదంటారు. సంవరంతో కొత్త కర్మను ఆపి, నిర్జరతో పాతదాన్ని రాల్చుకోవడమే మోక్షమార్గం. ఊరికే అనుభవిస్తూ కూర్చోవడమే దిక్కయితే మహావీరుడి లాంటి తీర్థంకరులు, అంటే జైన మార్గం చూపిన గురువులు, బోధించాల్సిన పనేముంది?

అంతా ముందే ఖాయమైపోయింది, మనిషి ప్రయత్నానికి విలువ లేదు అన్నవాడు గోశాలకుడు. అది మహావీరుడి కాలంలోనే ఉన్న ఆజీవికులనే వేరే మతంవాళ్ళ నియతివాదం. దాన్ని నమ్మిన సద్దాలపుత్రుడనే కుమ్మరిని మహావీరుడు ఏమడిగాడు? నీ కుండలు ఎవడైనా పగలగొడితే ఏం చేస్తావు అని. వాణ్ణి కొడతాను అన్నాడు కుమ్మరి. అంతా నియతే అయితే వాడి తప్పేముంది మరి? ఆ ఒక్క ప్రశ్నతో కుమ్మరికి కళ్ళు తెరుచుకున్నాయి. మహావీరుడు ఎదిరించిన మాటను తెచ్చి ఆయన పేరు మీదే ఒక తల్లికి అప్పజెప్పడం ఎంత ఘోరం!

జైన సిద్ధాంతాన్ని సూత్రాల్లో చెప్పిన తత్వార్థసూత్రం ఆరో అధ్యాయం చదవండి. తనకు గానీ ఎదుటివారికి గానీ దుఃఖం, శోకం, తాపం కలిగిస్తే, ఏడిపిస్తే కట్టేది అసాతా వేదనీయ కర్మ. ప్రాణుల మీద అనుకంప, దానం, క్షమ ఉంటే కట్టేది సాతా వేదనీయం. ఒకరు ఇవ్వబోయేదానికి అడ్డుపడితే కట్టేది అంతరాయ కర్మ, అంటే తనకే అడ్డంకులు తెచ్చే కర్మ. ఆ తల్లి పోయిన జన్మలో ఏం కట్టుకుందో నాకు తెలియదు. ఈ పెద్దమనిషి ఇవాళ ఏం కట్టుకున్నాడో మాత్రం మా కళ్ళముందే జరిగింది. ఏ కర్మ ఏ జన్మలోదో పూర్తిగా చూడాలంటే కేవలజ్ఞానం, అంటే సర్వం తెలిసే జ్ఞానం కావాలి. మహావీరుడి శిష్యపరంపరలోని జంబూస్వామి తర్వాత ఈ భరతక్షేత్రంలో, అంటే మనముండే ఈ భూభాగంలో, అది ఎవరికీ కలగలేదని జైన సంప్రదాయమే చెబుతుంది. ఈయనకు ఎప్పుడు కలిగిందో!

మహావీరుడి చెవుల కథ ఎత్తుతారని తెలుసు. అవును, పశువులకాపరి ఆయన చెవుల్లో మేకులు దిగ్గొట్టాడు. అంతకుముందు త్రిపృష్ఠుడిగా పుట్టిన జన్మలో సేవకుడి చెవుల్లో సీసం కరిగించి పోయించిన దానికి ఫలమని జైనుల్లో ఒక శాఖ అయిన శ్వేతాంబరుల గ్రంథాలు చెబుతాయి. కథ అక్కడితో ఆపేస్తారెందుకు? ఖరకుడనే వైద్యుడు ఆ మేకులు చూశాడు. "చేసుకున్న కర్మ" అని దాటుకుని పోలేదు. స్నేహితుడు సిద్ధార్థుడితో కలిసి వెతుక్కుంటూ వెళ్ళి వాటిని పీకి, మందు వేశాడు. తీర్థంకరుడి బాధ విషయంలోనే చెయ్యి కట్టుకుని నిలబడలేదు వాళ్ళు. ఒక పసిబిడ్డ విషయంలో మనం నిలబడాలా?

ఇదే మనిషి ఇంతకుముందు పుట్టే వంశాన్ని నిర్ణయించే గోత్ర కర్మ గురించి మాట్లాడింది కూడా నేను మర్చిపోలేదు. ఉచ్చ గోత్రం అంటే మంచి కులంలో పుట్టడం, అది పూర్వపుణ్యం, తక్కువ కులంలో పుట్టినవాళ్ళది వాళ్ళ ఖర్మ అని ఎంత గర్వంగా చెప్పాడో. వింటున్నవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు. ఆ రోజు పెద్దవాడని ఊరుకున్నాం. పరనింద, ఆత్మప్రశంస చేసేవాడికి నీచ గోత్రం కడుతుందని అదే ఆరో అధ్యాయంలో ఉంది. ఉత్తరాధ్యయన సూత్రమనే జైన ఆగమంలో ఒక అధ్యాయమంతా హరికేశబలుడిది. చండాల కులంలో పుట్టి ముని అయినవాడు. యజ్ఞశాలకు భిక్షకు వస్తే కులగర్వంతో కొట్టించినవాళ్ళే చివరికి ఆయన కాళ్ళ మీద పడ్డారు.

ఆధ్యాత్మిక ప్రగతికి 14 గుణస్థానాలు, అంటే మెట్లు, చెప్పారు. పదకొండో మెట్టు దాకా వెళ్ళినవాడు కూడా, మోహం అణగిందే తప్ప నశించలేదు కాబట్టి, మళ్ళీ కిందికి పడతాడు. అంత దూరం వెళ్ళినవాళ్ళకే పూచీ లేదు. మొదటి తీర్థంకరుడు ఋషభుడి కొడుకు బాహుబలి ఒళ్ళంతా తీగలు అల్లుకునేదాకా ధ్యానంలో నిలబడ్డా, లోపల కాస్త మానం మిగిలినందుకు కేవలజ్ఞానం ఆగిపోయింది. తోబుట్టువులు బ్రాహ్మి, సుందరి వచ్చి ఏనుగు దిగమంటే గానీ, అంటే గర్వం వదలమంటే గానీ తెలియలేదు ఆయనకు. ఇక ఈ పెద్దమనిషికి తన గర్వం కనిపిస్తుందా?

ఏడుస్తున్న తల్లితో ఆ మాట అనొచ్చని ఏ ఆగమంలో ఉందో, ఏ ఆచార్యుడు రాశాడో కింద కామెంట్లలో చూపించండి. ఆ పెద్దమనిషీ ఇక్కడే ఉన్నాడు, చదువుతాడని తెలుసు. ముందు ఆయనే చూపించాలి.