పసిఫిక ప్రిన్సిపాళ్ల సమావేశాలు చదువుకు అడ్డమనే వాదనకు సమాధానం

న్యూజీలాండ్‌లో పసిఫిక దీవుల మూలాలున్న ప్రిన్సిపాళ్లు, పసిఫిక పిల్లలు ఎక్కువగా చదివే బడుల ప్రిన్సిపాళ్లు ఒకచోట చేరి నాయకత్వం, సంస్కృతి, భాష గురించి చర్చించుకున్నప్పుడల్లా ఒక విమర్శ బయలుదేరుతుంది. దాని సారాంశం ఇది: పసిఫిక పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ఇప్పటికే వెనుకబడి ఉన్నారు కాబట్టి వారికి కావలసింది మరింత ఇంగ్లీషు; ఇంటి భాషను ఇల్లు చూసుకుంటుంది; బడి నడపవలసిన ప్రిన్సిపాళ్లు సంస్కృతి పేరుతో సమావేశాలకు తిరగడం కాలాన్ని, ప్రజాధనాన్ని వృథా చేయడమే; పైగా ఒక జాతి పేరుతో సంఘంగా ఏర్పడడం పిల్లలను విడదీస్తుంది. వినడానికి సహేతుకంగా ఉండడం వల్లనే ఈ వాదన ఇంతగా చెలామణి అవుతోంది. ఇందులోని ప్రతి మాటనూ విడిగా పరీక్షించవలసిన అవసరం కూడా అందుకే ఉంది.

ముందుగా ఎవరి గురించి మాట్లాడుతున్నామో స్పష్టం చేసుకుందాం. సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూయే, టోకెలావ్, తువాలు, ఫిజీ తదితర దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలనూ, అక్కడే పుట్టి పెరిగిన వారి సంతానాన్నీ కలిపి న్యూజీలాండ్‌లో పసిఫిక ప్రజలు అంటారు. 2023 జనగణన ప్రకారం వారి సంఖ్య 4,42,632, అంటే దేశ జనాభాలో 8.9 శాతం. వయసు రీత్యా ఇది యువ సమాజం కనుక బడి పిల్లల్లో వారి వాటా జనాభాలోని వాటా కన్నా ఎక్కువ. ఉపాధ్యాయుల్లోనూ ప్రిన్సిపాళ్లలోనూ వారి వాటా మాత్రం దానికి ఏమాత్రం సరితూగదు.

పిల్లలు వెనుకబడి ఉన్నారనే మాటలో నిజం ఉంది. సగటు ఫలితాల్లో పసిఫిక విద్యార్థులకూ దేశ సగటుకూ మధ్య అంతరం చాలా కాలంగా కొనసాగుతోంది, దాన్ని ఈ ప్రిన్సిపాళ్లలో ఎవరూ దాచిపెట్టడం లేదు. అయితే ఆ అంతరం ఎలాంటి తరగతి గదుల్లో ఏర్పడిందన్న ప్రశ్నను విమర్శకులు వేయడం లేదు. పసిఫిక పిల్లల్లో అత్యధికులు బడిలో చేరిన రోజు నుంచీ పూర్తిగా ఇంగ్లీషులోనే చదువుతున్నారు. సమోవన్‌లోనో టోంగన్‌లోనో కొంత భాగమైనా పాఠాలు జరిగే ద్విభాషా తరగతుల్లో ఉన్నవారు చాలా కొద్దిమంది. అలాంటప్పుడు ఇంటి భాషను బడిలోకి తేవడం వల్ల పిల్లలు వెనుకబడ్డారనడానికి ఆధారమే ఉండదు. ఇంగ్లీషు మాత్రమే ఉన్న చదువును దశాబ్దాలుగా అమలు చేసి, దాని ఫలితాన్ని ఇంకా విస్తృతంగా అమలులోకే రాని ద్విభాషా విద్య ఖాతాలో వేయడం న్యాయం కాదు.

పరిశోధన చెప్పేది కూడా ఈ వాదనకు విరుద్ధంగానే ఉంది. ఇంటి భాష వేరైన పిల్లవాడు ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీషును సుమారు రెండేళ్లలో పట్టుకుంటాడనీ, పాఠ్యపుస్తకాల్లోని ఇంగ్లీషులో తోటివారితో సమానం కావడానికి మాత్రం అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందనీ కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1980ల నుంచి వివరిస్తూ వచ్చారు. ఒక భాషలో గట్టిగా నేర్చుకున్న పఠన నైపుణ్యం, తర్కం, భావనలు రెండో భాషలోకి బదిలీ అవుతాయన్నది ఆయన సిద్ధాంతంలో కీలకాంశం. భిన్నం అంటే ఏమిటో టోంగన్‌లో అర్థం చేసుకున్న పిల్ల దాన్ని ఇంగ్లీషులో మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోనక్కరలేదు, ఆ భావనకు ఇంగ్లీషు మాట నేర్చుకుంటే చాలు. అమెరికాలో వేన్ థామస్, వర్జీనియా కోలియర్ 2002లో వెలువరించిన దీర్ఘకాలిక అధ్యయనంలో కూడా మొదటి భాషలో ఎక్కువ కాలం చదివే అవకాశం దొరికిన పిల్లలు పై తరగతులకు వచ్చేసరికి ఇంగ్లీషులో మెరుగైన ఫలితాలు సాధించారు. ఇంగ్లీషు గంటలు పెంచితే ఇంగ్లీషు పెరుగుతుందన్న లెక్క సూటిగా కనిపిస్తుంది కానీ, పిల్లల మనసులో భాష పెరిగే తీరు ఆ లెక్కకు లొంగదు.

న్యూజీలాండ్ పరిస్థితులకే సంబంధించిన సమీక్ష కూడా ఉంది. స్టీఫెన్ మే, రిచర్డ్ హిల్, సారా జేన్ తియాకివై 2004లో ఆ దేశ విద్యాశాఖ కోసం ద్విభాషా విద్యపై జరిగిన పరిశోధనలను పరిశీలించి, బోధనలో కనీసం సగం లక్ష్య భాషలో, అంటే ఇంగ్లీషుతో పాటు నిలపదలచిన భాషలో, జరగాలనీ, అది కనీసం ఆరేళ్లు, వీలైతే ఎనిమిదేళ్లు నిరంతరం కొనసాగాలనీ తేల్చారు. ఏడాదికోసారి జరిగే భాషా వారోత్సవం, ఉదయపు ప్రార్థనలో ఒక పాట, గోడ మీద ఒక శుభాకాంక్ష ఈ ప్రమాణానికి దరిదాపుల్లోకి కూడా రావు. సంస్కృతి పేరుతో జరిగే పైపై కార్యక్రమాల వల్ల చదువు మెరుగుపడదని విమర్శకులు అంటే నేను ఒప్పుకుంటాను. అయితే దానికి విరుగుడు భాషను బడి నుంచి తొలగించడం కాదు, సగం బోధన, ఆరేళ్ల నిరంతరత అన్న ప్రమాణాన్ని అందుకునేలా కార్యక్రమాన్ని బలపరచడం.

బడిని నడపవలసిన ప్రిన్సిపాళ్లకు సమావేశాలెందుకన్న ప్రశ్నకు సమాధానం ఈ ఆరేళ్ల నిరంతరతలోనే దొరుకుతుంది. తెలుగు రాష్ట్రాల బడులు తెలిసిన వారికి న్యూజీలాండ్ వ్యవస్థ కొంత వింతగా తోస్తుంది. మన దగ్గర మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి, వారిపైన రాష్ట్ర శాఖ ఉంటాయి, బోధనా మాధ్యమం వంటి నిర్ణయాలు పై నుంచి ఉత్తర్వు రూపంలో దిగుతాయి. న్యూజీలాండ్‌లో 1989 నాటి సంస్కరణలతో మధ్యలోని ప్రాంతీయ విద్యా మండళ్లను తొలగించి, ప్రతి బడినీ తల్లిదండ్రుల ప్రతినిధులతో కూడిన బోర్డుకూ, ఆ బోర్డు నియమించే ప్రిన్సిపాల్‌కూ అప్పగించారు. ఏ ఉపాధ్యాయుణ్ణి తీసుకోవాలి, ఏ గదిలో ద్విభాషా తరగతి నడపాలి, సమోవన్ పుస్తకాలకు బడ్జెట్‌లో ఎంత కేటాయించాలి అన్న నిర్ణయాలన్నీ బడి స్థాయిలోనే జరుగుతాయి. జాతీయ పాఠ్యప్రణాళిక, నిధుల కేటాయింపు రాజధాని వెల్లింగ్టన్ నుంచి వచ్చినా, ఒక పిల్ల ఇంటి భాష తరగతి గదిలోకి రావడమా మానడమా అన్నది చాలావరకు ఒక ప్రిన్సిపాల్ చేతిలో ఉంటుంది.

ఇక పిల్లల ప్రయాణం చూడండి. చాలామంది బడి చదువులో ఆరో ఏడు వరకు ప్రాథమిక పాఠశాలలో, ఏడో ఏడు, ఎనిమిదో ఏడు మధ్యమ పాఠశాలలో, తొమ్మిదో ఏడు నుంచి పదమూడో ఏడు వరకు ఉన్నత పాఠశాలలో చదువుతారు. అంటే ఒకే పిల్ల చదువు ముగ్గురు ప్రిన్సిపాళ్ల పరిధిలోంచి సాగుతుంది. దక్షిణ ఆక్లండ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఎంత చక్కగా టోంగన్ ద్విభాషా విభాగాన్ని నడిపినా, పక్కవీధిలోని మధ్యమ పాఠశాల ప్రిన్సిపాల్‌కు ఆ సంగతి పట్టకపోతే ఆ పిల్ల భాషా విద్య పదకొండేళ్ల వయసులోనే ఆగిపోతుంది. పై నుంచి ఆదేశించి వీరిని కలిపే అధికారి ఎవరూ లేరు. వీరంతట వీరు కలిసి కూర్చుని, ఏ బడిలో మొదలైనది ఏ బడిలో కొనసాగాలో, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చాలనప్పుడు ఎలా సర్దుకోవాలో, బోర్డు సభ్యులను ఎలా ఒప్పించాలో మాట్లాడుకోవలసిందే. ద్విభాషా కార్యక్రమానికి కావలసిన వ్యవధి ఒక ప్రిన్సిపాల్ ఒకే బడిలో ఉండే కాలాన్ని మించిపోవచ్చు, తన తరవాత వచ్చేవారికి ఆ పనిని అప్పగించగలిగేది కూడా ఇలాంటి పరిచయాల వల్లనే.

నాయకులు నేర్చుకోవడం వల్ల పిల్లలకు ఏం ఒరుగుతుందన్న సందేహానికి కూడా ఆ దేశంలోనే ఆధారం దొరుకుతుంది. వివియన్ రాబిన్సన్, మార్గీ హోహెపా, క్లెయిర్ లాయిడ్ 2009లో పాఠశాల నాయకత్వంపై అంతర్జాతీయ పరిశోధనలను క్రోడీకరించినప్పుడు, ప్రిన్సిపాల్ చేసే పనులన్నింటిలోకీ పిల్లల ఫలితాలపై అత్యధిక ప్రభావం చూపినది ఉపాధ్యాయుల వృత్తి అభ్యసనాన్ని ప్రోత్సహించి, అందులో తానూ పాల్గొనడమేనని వెల్లడైంది. దాని ప్రభావ పరిమాణాన్ని, అంటే ఫలితాల్లో ఎంత తేడా వచ్చిందో చూపే కొలతను, వారు 0.84గా లెక్కించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ సంఖ్య తన బడిలో తన ఉపాధ్యాయులతో కలిసి నేర్చుకునే ప్రిన్సిపాల్‌కు సంబంధించినది, ఏ సమావేశానికి వెళ్లినా అదే ఫలితం వస్తుందని దానికి అర్థం కాదు. సమావేశంలో విన్నది సోమవారం ఉదయం ఉపాధ్యాయుల గదిలోకి చేరినప్పుడే అది చదువుకు పనికివస్తుంది.

అలా చేరిన ఉదాహరణ ఆక్లండ్‌లోనే ఉంది. పాన్సన్‌బీ ప్రాంతంలోని రిచ్‌మండ్ రోడ్ పాఠశాలలో 1970లు, 1980లలో ప్రిన్సిపాల్‌గా ఉన్న జిమ్ లాటన్, ఉపాధ్యాయులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడాన్ని బడి దినచర్యలో భాగం చేశారు. ఆ పునాది మీదనే అక్కడ మావోరి (న్యూజీలాండ్ మూలవాసుల భాష), సమోవన్ ద్విభాషా విభాగాలు నిలబడ్డాయి. 1984లో మొదలైన 'అఓంగా ఫఅ సమోవా' అనే సమోవన్ భాషా శిశు విద్యాకేంద్రానికీ ఆ బడికీ దగ్గరి సంబంధం ఉంది. చిన్నపిల్లల కేంద్రంలో మొదలైన భాష పెద్ద బడిలో కొనసాగడానికి ఒక ప్రిన్సిపాల్ సంకల్పం ఎంత అవసరమో ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం.

ఇంటి భాషను ఇల్లే కాపాడుకుంటుందన్న మాట మీద నాకు అన్నింటికన్నా ఎక్కువ అభ్యంతరం ఉంది. 2018 జనగణనలో కుక్ దీవుల మావోరిలుగా, అంటే కుక్ దీవుల మూలాలున్నవారిగా, నమోదైన 80 వేల పైచిలుకు మందిలో తమ భాషలో సంభాషించగలిగినవారు సుమారు పదో వంతు మాత్రమే. నియూయే, టోకెలావ్ దీవుల్లో ఇప్పుడు నివసించేవారు ఒక్కో చోట రెండు వేలకు లోపే, వారికి ఎన్నో రెట్ల మంది న్యూజీలాండ్‌లో ఉన్నారు. ఆ భాషలు అక్కడ నిలవకపోతే వెనక్కి తిరిగి చూసుకోవడానికి వేరే పెద్ద సమాజం ఏదీ లేదు. ఇంగ్లీషు తరవాత, మావోరి తరవాత దేశంలో ఎక్కువమంది మాట్లాడే మూడో భాష అయిన సమోవన్ సైతం న్యూజీలాండ్‌లో పుట్టిన తరంలో పలచబడుతోంది. ఈ ఇళ్లలో ప్రేమ కొరవడిందా? లేదు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండని ఒకప్పుడు ఉపాధ్యాయులే తల్లిదండ్రులకు హితవు చెప్పారు, పిల్లల మేలు కోరి ఎందరో ఆ మాట పాటించారు. బడి చెప్పిన మాట వల్ల ఇంట్లో తగ్గిన భాషను మళ్లీ నిలబెట్టే బాధ్యత పూర్తిగా ఇంటిదేనని ఇప్పుడు అదే బడి అనడం సబబు కాదు.

పసిఫిక్ సముద్రంలో తెలుగువారి అనుభవం కూడా ఇదే చెబుతోంది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా ఒప్పంద కూలీలుగా ఫిజీకి వెళ్లిన దక్షిణాది వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారు తమ భాషను తేలికగా వదిలేయలేదు. 1926లో ఏర్పడిన దక్షిణ భారతీయుల సన్మార్గ ఐక్య సంఘం, ఆ తరవాత ఆంధ్ర సంఘం బడులు కట్టించాయి. అయినా ఫిజీలోని భారతీయ సమాజానికంతటికీ ఉమ్మడి భాషగా ఫిజీ హిందీ, చదువుకు ఇంగ్లీషు స్థిరపడిన తరవాత తెలుగు పండగలకూ పాటలకూ పెద్దల నోటికీ పరిమితమై, ఈనాటి తరంలో చాలామందికి అందకుండా పోయింది. చెరకు తోటల్లో అంత కష్టపడి బడులు నిలబెట్టుకున్నవారి ఇళ్లే భాషను నిలుపుకోలేకపోయాయంటే, రెండు ఉద్యోగాలు చేసే ఆక్లండ్ కుటుంబం ఒంటరిగా నిలుపుకుంటుందని ఎలా ఆశిస్తాం?

పిల్లలను విడదీయడమన్న ఆరోపణకు పెద్ద వివరణ అవసరం లేదు. కుక్ దీవులు, నియూయే, టోకెలావ్ ప్రజలు న్యూజీలాండ్ పౌరులు; సమోవాను 1914 నుంచి 1962 వరకు ఆ దేశమే పాలించింది. వీసా గడువు దాటి ఉన్నవారిని పట్టుకునే పేరుతో 1970లలో పసిఫిక కుటుంబాల ఇళ్లపై తెల్లవారుజామున జరిపిన దాడులకు ప్రభుత్వం 2021 ఆగస్టు 1న లాంఛనంగా క్షమాపణ చెప్పింది. వారి భాషలకు బడిలో చోటివ్వడం బయటివారికి చేసే దయ కాదు. పైగా, మావోరి ప్రిన్సిపాళ్లకు 'తె అకాతెయా' అనే సంఘం ఉంది, కాథలిక్ బడుల వారూ గ్రామీణ బడుల వారూ కూడా విడిగా సమావేశమవుతారు, వాటిని ఎవరూ విభజన అనడం లేదు. పసిఫిక ప్రిన్సిపాళ్ల సంఘం, దేశ ప్రిన్సిపాళ్ల సమాఖ్య, విద్యాశాఖ కలిసి నడిపిన 'తౌతై ఓ లె మోవానా' శిక్షణ పసిఫిక మూలాలు లేని ప్రిన్సిపాళ్లను కూడా కలుపుకునేది. విద్యాశాఖ 2018లో తెచ్చిన 'తపసా' అనే మార్గదర్శిని కూడా పసిఫిక పిల్లలకు బోధించే ఉపాధ్యాయులందరి కోసం రాసినదే.

ఈ భాషలతో ఉద్యోగాలు రావన్న మాటకు రెండు వాక్యాలు చాలు. సమోవన్, టోంగన్ మాట్లాడగల నర్సులు, ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు దక్షిణ ఆక్లండ్‌లో ప్రతిరోజూ అవసరమవుతున్నారు, ఈ భాషలు ఉన్నత పాఠశాల అర్హతా పరీక్షల్లో గుర్తింపు పొందిన సబ్జెక్టులు కూడా. ఉపాధి ఒక్కటే కొలమానమైతే చరిత్రనూ సంగీతాన్నీ కూడా బడి నుంచి పంపేయవలసి వస్తుంది.

ఈ సమావేశాల గురించి అడగదగిన ప్రశ్నలు లేవని కాదు. ఏ బడిలో ద్విభాషా విభాగం కొత్తగా మొదలైంది, మధ్యమ పాఠశాలలో అది కొనసాగుతోందా, అందులో చదివిన పిల్లలు ఎనిమిదో ఏడు చివరికి రెండు భాషల్లోనూ ఎలా చదువుతున్నారు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులను తయారుచేయడానికి 2022 నాటి పసిఫిక భాషల వ్యూహం కింద ఎంత ఖర్చు చేస్తున్నారు అని అడగాలి. 2024 నుంచి ప్రాథమిక తరగతుల్లో చదవడానికీ రాయడానికీ లెక్కలకూ సగటున రోజుకో గంట చొప్పున కేటాయించాలన్న నిబంధన వచ్చింది కనుక, ఆ గంటల్లో ఇంటి భాషకు ఎంత చోటు దొరుకుతుందో కూడా ప్రిన్సిపాళ్లు ప్రభుత్వంతో తేల్చుకోవలసి ఉంది. అది ఏ ఒక్క ప్రిన్సిపాల్ విడిగా వెళ్లి తేల్చుకోగలిగిన విషయం కాదు.