మింగుడుపడని కరపత్రం

ఆదివారం మా పత్రిక మడతలో వచ్చిన గులాబీ రంగు కరపత్రాన్ని విశాఖలో చాలామంది చూసే ఉంటారు. ‘గొట్టం లేదు, టెన్షన్ లేదు. మాత్ర మింగండి, కడుపు లోపలి నుంచే అల్ట్రాసౌండ్ స్కానింగ్’ అని పెద్ద అక్షరాలు. ముందుగా బుక్ చేసుకుంటే రాయితీ కూడానట. తెల్లవారుజామున ఏజెంట్ల దగ్గర పేపర్లలో దూర్చే కాగితాలతో మాకు సంబంధం లేదని తప్పుకోవచ్చు. కానీ పాఠకుడి గుమ్మంలో పడింది మా పేపర్లోంచే. అందుకే కరపత్రం వేసిన క్లినిక్‌కు మేమే ఫోన్ చేశాం. అల్ట్రాసౌండేనా అని అడిగితే ‘స్కానింగేనండీ’ అన్నారు. మళ్లీ అడిగితే ‘లోపల కెమెరా ఉంటుందండీ, ఫొటోలు తీస్తుంది’ అన్నారు. మూడోసారి అడిగేసరికి డాక్టరు గారు బిజీగా ఉన్నారు.

కెమెరా మాత్ర కొత్తదేమీ కాదు. అమెరికాలో 2001లోనే అనుమతి వచ్చింది, మన దేశంలోనూ ఏళ్లుగా వాడుతున్నారు. 11 మిల్లీమీటర్ల మందం, 26 మిల్లీమీటర్ల పొడవు. మింగాక దాదాపు 8 గంటలపాటు ఒంటికి కట్టిన రికార్డరుకు ఫొటోలు పంపుతుంది. ఎండోస్కోపీ గొట్టం అందని చిన్నపేగులో రక్తం ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి మంచి సాధనం. అయితే అది చూసేది పేగు లోపలి పైపొరనే. గోడకు వేసిన రంగు చూడటం వేరు, కొట్టి చూసి లోపల డొల్లగా ఉందో లేదో చెప్పడం వేరు. ఆ రెండో పని అల్ట్రాసౌండ్‌ది.

దాన్ని మాత్రలో ఇమిడ్చే ప్రయత్నాలు నిజంగానే జరుగుతున్నాయి. బ్రిటన్‌లో లీడ్స్, గ్లాస్గో తదితర యూనివర్సిటీల వాళ్లు ‘సోనోపిల్’ తయారుచేశారు. బయట రోబో చేతికి అమర్చిన అయస్కాంతంతో దాన్ని లోపల నడిపించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షించింది పందుల మీద. దాని మందం 21 మిల్లీమీటర్లు, పొడవు 39. అంటే గింజతో ఉన్న ఖర్జూరం పండంత! పైగా గాలి అడ్డమొస్తే అల్ట్రాసౌండ్ పనిచేయదు. పొట్ట మీద స్కానింగ్‌కు జెల్ రాసేది అందుకే. పేగులో గ్యాస్ మధ్య మాత్ర గోడకు ఆనుకుని ఉండేలా చూడటమే పెద్ద చిక్కు. పరిశోధన దశ దాటని ఈ సరుకు మన ఊరి క్లినిక్‌లోకి ఎప్పుడు దిగింది?

ఇలాంటి ప్రచారం లేకపోతే గొట్టానికి భయపడి జనం రోగం ముదరబెట్టుకుంటారని కొందరంటారు. భయం నిజమే. దాన్ని పోగొట్టడానికి లేని యంత్రం పేరు చెప్పక్కర్లేదు.

ఈ ఒక్క కాగితాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ఏం వస్తుందన్నదే మా భయం. ఈరోజు కెమెరాను అల్ట్రాసౌండ్ అన్నారు. ఇది చెల్లితే రేపు పక్క వీధి వాళ్లు ఇంకో ల్యాబులోని ఇంకో ప్రయోగాన్ని పట్టుకొచ్చి బోర్డు కడతారు. వాళ్లను ఏమని ఆపుతారు? కొత్త వైద్య పరికరాన్ని మనుషుల మీద వాడాలంటే 2017 నాటి నిబంధనల కింద కేంద్ర అనుమతి కావాలి. నిజంగా అల్ట్రాసౌండే అయితే ఆ అనుమతి చూపించాలి. కాకపోతే ఆ మాట తీసేయాలి. రెండూ చేయకుండా నడిచిపోతే, ఈ ఊళ్లో ఇలాగే నడుస్తుందని అందరికీ చెప్పినట్టే.

కరపత్రంలో లేని మాట ఇంకొకటుంది. పేగు ఎక్కడైనా ఇరుకైతే మాత్ర ఇరుక్కుపోతుంది, ఒక్కోసారి ఆపరేషన్ చేసి తీయాలి. అది బయటికొచ్చేదాకా ఎమ్మారై తీయించుకోకూడదు. పేగు టీబీతో ఇలాంటి ఇరుకులు ఏర్పడటం మన దగ్గర డాక్టర్లకు తెలియంది కాదు. పాడేరు నుంచి, పలాస నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వచ్చి ఓపీ క్యూలో నిలబడేవాళ్ల చేతికీ ఇదే కాగితం అందుతుంది. వాళ్లకు ఇవన్నీ ఎవరు చెబుతారు? వైద్య పరికరాల కోసమే పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్ పెట్టుకున్న నగరమిది. అసలు అల్ట్రాసౌండ్ మాత్ర వచ్చిననాడు, ఇక్కడి జనం ‘అది ఎప్పుడో మింగేశాం, ఏమీ తేలలేదు’ అంటే తప్పెవరిది?

మా కట్టల్లో ఇలాంటివి పెట్టొద్దని ఏజెంట్లకు చెప్పాం. ఆలస్యంగా చెప్పాం, ఒప్పుకుంటున్నాం. తనిఖీ చేయాల్సినవాళ్లు మాత్రం ఫిర్యాదు వస్తే చూస్తామంటున్నారు. కరపత్రం మీద ఫోన్ నంబరుంది, అడ్రసుంది, ఏ బస్టాపు ఎదురుగానో కూడా రాసుంది. ఆదివారం వాళ్లింటికి పేపర్ రాలేదా?